తడవని భుజం

మా చుట్టాల్లో ఏ పెళ్ళిలోనైనా, ఏ పెద్దకర్మలోనైనా మా అమ్మ మాట వచ్చిందంటే చాలు, ఎవరో ఒకరు ఆ కథ ఎత్తుకుంటారు. తుంగభద్ర కాలవ కింద భూములు కొనుక్కుని మేం కోస్తా నుంచి రాయచూరు జిల్లాకి తరలివచ్చిన కొత్తల్లో మా తమ్ముడు జ్వరంతో పోయాడు. పిల్లవాడి శవం వాకిట్లో ఉంటే మా అమ్మ కంట చుక్క నీరు రాలేదట. మూడో రోజుకల్లా చీర ఎగ్గట్టి నాట్లలోకి దిగిందట. "భూమి మీద ఉన్న ఆశ కన్నబిడ్డ మీద లేకపోయింది" అని చివర ఒక తీర్పు. చెప్పేవాళ్ళలో సగం మంది ఆరోజు అక్కడ లేరు. కొందరైతే అప్పటికి పుట్టనే లేదు. అయినా కళ్ళారా చూసినట్టే చెప్తారు.

నేను ఈ కథని ఒప్పుకోను. ఒప్పుకోనని మొహం మీదే చెప్పాను, "చదువుకున్న నోరు" అన్నారు. అననీ. ఇందులో కంట నీరు రాలేదన్న ముక్క నిజం. నాట్లలోకి దిగిందన్నదీ నిజమే. కాలవ నీళ్ళు వంతుల ప్రకారం వదిలేవాళ్ళు, వంతు తప్పితే నారు ఎండిపోవలసిందే. అదే మడిలోకి మా నాన్న కూడా దిగాడు. ఆయన్ని రాతిగుండె అని ఎవరూ అనలేదు. ఆయన కండువాతో కళ్ళు తుడుచుకుంటూ దిగాడు గనక ఆయనది దుఃఖం, ఆమెది దురాశ. ఇదీ మా వాళ్ళ న్యాయం.

అసలు సంగతి మా అమ్మ కళ్ళది. అది తెలియాలంటే మా బతుకు ఎలా ఉండేదో కాస్త చెప్పాలి.

కోస్తా నుంచి వచ్చిన రైతుల ఊళ్ళని అక్కడ క్యాంపులు అంటారు. ఊరు అనరు, నలభై ఏళ్ళు కాపురమున్నా క్యాంపే. నల్లరేగడిలో గడ్డిపాకల వరస, గుమ్మాల ముందు గేదెలు, వాటి వెనక పేడదిబ్బలు, వాటి మీద ఈగలు. వాన పడితే మోకాలి లోతు బురద, పడకపోతే కళ్ళు తెరవనివ్వని దుమ్ము. అందరి కళ్ళూ ఎర్రగానే ఉండేవి. పిల్లలవి కొన్నాళ్ళకి తేటపడేవి. మా అమ్మవి పడలేదు. ఆమెకి ఆ జబ్బు పుట్టింట్లో చిన్నప్పుడే మొదలైందట, ఇక్కడికి వచ్చాక ముదిరింది. కనురెప్పలు లోపలికి మడతపడి, రెప్పల వెంట్రుకలు కంటిగుడ్డు మీద గీసుకునేవి. "కంట్లో ఇసుక పోసినట్టుందే" అనేది.

ఆ వెంట్రుకలు పీకడం నా పని. కాళ్ళలో ముళ్ళు తీసే శ్రావణం పట్టుకుని, వెలుతురు బాగా ఉన్నప్పుడు వాకిట్లో కూర్చునేదాన్ని. అమ్మ నా ఒళ్ళో తల పెట్టి పడుకునేది. రెప్ప తిరగేసి, లోపలికి తిరిగిన ఒక్కొక్క వెంట్రుకా పట్టుకుని లాగాలి. ఎవరి కంట్లోనైనా అలా కెలికితే ధారగా నీళ్ళు కారతాయి. మా అమ్మ కన్ను మాత్రం పొడిగానే ఉండేది. అప్పుడు నేను దాన్ని అమ్మ గట్టితనం అనుకున్నాను. అమ్మ కూడా అలాగే అనుకుంది.

ఇంకో సాక్ష్యం ఉంది, దీనికి మా చుట్టాలందరూ కడుపారా తిన్న సాక్షులు. క్యాంపులో ఏ శుభకార్యమైనా ఉల్లిపాయలు తరిగే పని అమ్మదే. గంపలకొద్దీ తెచ్చి ముందు పోసేవాళ్ళు. మిగతా ఆడవాళ్ళు కొంగులతో ముక్కులు మూసుకుని దూరంగా జరిగితే, మా అమ్మ కత్తిపీట ముందు కూర్చుని కబుర్లు చెప్తూ కచకచ తరిగేసేది. "ఆమెకేంటమ్మా, ఉక్కు కళ్ళు!" అని మెచ్చుకునేవాళ్ళు. అమ్మకి అదో గొప్ప. ఆ మెచ్చుకున్న నోళ్ళే, తర్వాత రాయి అన్నాయి. ఉల్లిపాయల గంప ముందు కూర్చుంటేనే నీరు రాని కళ్ళు చావు ముందు ఎక్కడి నుంచి తెస్తాయని ఒక్క బుర్రకీ తట్టలేదు.

తమ్ముడికి రెండేళ్ళు నిండాయో లేదో. జ్వరం వచ్చింది. రాయచూరు తీసుకెళ్దామని బండి కట్టారు, బురదలో బండి దిగబడింది, సగం దారిలోనే అయిపోయింది. వెనక్కి తీసుకొచ్చి వాకిట్లో పడుకోబెట్టారు. అమ్మ వాడి కాళ్ళ దగ్గర కూర్చుంది. నోరు బిగించి, రెండు చేతులతో వాడి పాదాలు పట్టుకుని, ముందుకీ వెనక్కీ ఊగుతూ ఉంది. అంతే. నేను చూసింది అంతే. ఆ ఊగడం నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. దాన్ని చూడని వాళ్ళందరికీ మాత్రం రాని కన్నీళ్ళు కనిపించాయి.

మా కోస్తా వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. చావింటికి దూరం నుంచి చుట్టం వచ్చిందంటే, గుమ్మంలోనే ఇంటి ఆడమనిషి ఎదురెళ్ళి మెడ కావలించుకుని ఏడవాలి. వచ్చినామె రాగం తీస్తుంది, ఇంటామె అందుకుంటుంది. ఎంత గట్టిగా పట్టుకుని ఏడిస్తే అంత ప్రేమ. మా మేనత్త, నాన్నకి అక్క, రైలు దిగి, బస్సు ఎక్కి, నాలుగో రోజుకి వచ్చింది. అమ్మ ఎదురెళ్ళి కావలించుకుంది. అత్తయ్య శోకాలు పెట్టి ఏడిచింది. అమ్మ ఆమె భుజం మీద మొహం ఆనించి నిలబడింది. కాసేపటికి అత్తయ్య విడిపించుకుని, తన భుజం తడిమి చూసుకుంది. జాకెట్టు మీద చెయ్యి వేసి, నాన్న వైపు తిరిగి అంది:

"ఒరే తమ్ముడూ, నా భుజం తడవలేదురా."

నాన్న అమ్మ మొహం వంక చూశాడు. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు, అప్పటికి పదిహేనో పదహారో ఏళ్ళదాన్ని. తర్వాత్తర్వాత అర్థమైంది. ఆ రోజు నుంచి నాన్న అమ్మ దగ్గర తమ్ముడి మాట ఎత్తడం మానేశాడు. వాడు గుర్తొస్తే గట్టు మీదికి వెళ్ళి కూర్చునేవాడు. ఒకసారి అమ్మే "బతికుంటే బళ్ళో వేసేవాళ్ళం" అంది. నాన్న తల ఎత్తకుండానే, "నీతో ఆ మాటలెందుకులే" అన్నాడు. పెద్దగా కూడా అనలేదు. తిట్టినా బాగుండేది. ఒకే బిడ్డని పోగొట్టుకున్న ఇద్దరు మనుషులు ఒకే పాకలో, ఎవరి ఏడుపు వాళ్ళది. కాదు, ఆయన ఏడుపు ఆయనది. ఆమెకి ఏడుపే లేదని తేల్చేశారు కదా.

నాన్న చెడ్డవాడు కాదు. అమ్మ కళ్ళకి వైద్యం కూడా చేశాడు. ఆ వైద్యమే కొంప ముంచింది. మా పొలాల్లో నీళ్ళు నిలవుండీ నిలవుండీ, ఎండాకాలం వచ్చేసరికి ఉప్పు పైకి తేలి తెల్లగా పూత పూసేది. చౌడు. దానికి మా వాళ్ళకి తెలిసిన విరుగుడు ఒకటే: మడి నిండా నీళ్ళు కట్టి, నాననిచ్చి, మురుక్కాలవలోకి తీసెయ్యడం. మళ్ళీ కట్టడం, మళ్ళీ తియ్యడం. పొద్దున లేచేసరికి అమ్మ కళ్ళ కొసల్లో తెల్లగా పొక్కు కట్టి ఉండేది. నాన్న దాన్ని గోటితో గీకి చూసి, "ఇది చౌడే. నీళ్ళు పెట్టి తియ్యాల్సిందే" అన్నాడు. అప్పట్నుంచి రెండు పూటలా బోదె దగ్గర కూర్చుని, దోసిళ్ళతో కాలవ నీళ్ళు కళ్ళలో కొట్టుకోవడం అమ్మ పని అయింది. ఎర్రదనం పెరిగితే ఇంకా ఎక్కువ కొట్టుకునేది. మడికి పనిచేసిన మందు మనిషికి పనిచెయ్యదా అని వాళ్ళ ధీమా.

నేను రాయచూరు కాలేజీలో చేరాను. టౌనులో ఒక పాత తెలుగు కుటుంబం వాళ్ళింట్లో గది తీసుకున్నాను. ఆ ఇంటావిడని పెద్దమ్మా అనేదాన్ని. తరతరాలుగా అక్కడే ఉన్నవాళ్ళు, మాట మా మాటలా ఉండదు. ఒకరోజు ఆమెకి సాయంగా ఉల్లిపాయలు తరుగుతుంటే నా కళ్ళు కారిపోతున్నాయి.

"ఏంది బిడ్డ, గిట్ల ఏడుస్తున్నవ్? పెండ్లి కుదిరిందా ఏంది?" అంది.

"మా అమ్మకైతే చుక్క రాదు పెద్దమ్మా, బస్తా తరిగినా."

"రాకుంటెట్ల? ఉల్లిగడ్డకు రాని కండ్లుంటయా? మా అత్త సచ్చినప్పుడు నాకు ఒక్క చుక్క రాలె, ఉత్తగ కొంగు అడ్డం వెట్టుకున్న. అదే ఉల్లిగడ్డ ముంగట కూసుంటె, ఇగో, కుండ పలిగినట్టే!" అని పకపకా నవ్వి, మళ్ళీ నా మొహం చూసి నవ్వు ఆపేసింది. "లే బిడ్డ, నవ్వే మాట కాదు. మీ అమ్మను దవాఖానల సూపియ్యి. గది గట్టితనం కాదు, బీమారి."

నేను కత్తి కింద పెట్టేశాను. ఇన్నేళ్ళూ ఉక్కు అన్నవాళ్ళూ, రాయి అన్నవాళ్ళూ ఉన్నారు గాని జబ్బు అన్న మనిషి లేదు.

మర్నాడు కాలేజీలో మా జంతుశాస్త్రం లెక్చరర్ని పట్టుకున్నాను. కన్నీళ్ళలో ఏముంటుందని అడిగాను. క్లాసులో మగపిల్లలు కిసుక్కుమన్నారు. ఆయన మాత్రం శ్రద్ధగా చెప్పాడు. ఎక్కువ భాగం నీరు. అందులో ఉప్పు, మనం కూరలో వేసుకునే ఉప్పే. ఇంకా కొన్ని లవణాలు. క్రిముల్ని చంపే ఒక పదార్థం. జారిపోకుండా పట్టే జిగురు. పైన ఆరిపోకుండా పల్చటి నూనె పొర. "ఉప్పెందుకు?" అన్నాను. కంటి పైన ఉన్న గ్రంథి కన్నీటిని నెత్తుటిలోంచే తయారుచేసుకుంటుంది, నెత్తుట్లో ఉప్పు ఉంది గనక దానిలోనూ ఉంటుంది అన్నాడు. కళ్ళని ఎప్పుడూ తడిగా ఉంచే నీరు వేరు, ఉల్లిపాయకీ దుమ్ముకీ వచ్చే నీరు వేరు, ఏడిస్తే వచ్చేది వేరు అని కూడా చెప్పాడు.

"ఆ గ్రంథి దారులు పుండుపడి మూసుకుపోతే, సార్?"

"రాదు."

"ఏడ్చినా రాదా?"

"ఏడవమని చెప్పేది మెదడు. నీళ్ళివ్వాల్సింది గ్రంథి. అది ఇవ్వలేకపోతే మెదడేం చేస్తుంది? ఏడుపు ఏడుపే, నీళ్ళుండవు, అంతే."

ఏడుపు ఏడుపే. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. సిగ్గులేకుండా చెప్తున్నాను, మా తమ్ముడు పోయాక నేను అంత సంతోషపడింది ఆ రోజే. నాకు కావలసింది పెద్ద కోరిక కూడా కాదు. మా నాన్న ఒక్కసారి మా అమ్మ ఎదురుగా కూర్చుని, "నువ్వూ ఏడ్చావు, నాకు తెలీలేదు" అనాలి. అది చాలు. ఆ మాట ఆయన చేత అనిపించడానికి ఇప్పుడు నా చేతిలో సైన్సు ఉంది.

కోతలు కాగానే ఇద్దర్నీ రాయచూరు పిలిపించాను. నాన్న రానన్నాడు. "కళ్ళ డాక్టరు దగ్గరికి నేనెందుకమ్మాయ్?" అన్నాడు. నువ్వు లేకపోతే అమ్మ భయపడుతుందని పోట్లాడి రప్పించాను. డాక్టరు పెద్దాయన, సాయిబు. కొంచెం తెలుగు, కొంచెం ఉర్దూ. "అమ్మా, ఊపర్ దేఖో, పైకి సూడు" అంటూ రెప్ప తిరగేశాడు. నాన్నని దగ్గరికి పిలిచి లోపల తెల్లటి మచ్చల గీతలు చూపించాడు. ట్రకోమా అన్నాడు, ఈగలూ మురికీ అంటించే కంటిజబ్బు. కాలవ నీళ్ళ సంగతి విని నుదురు కొట్టుకున్నాడు. "ఉన్న కాస్త నూనె, కాస్త జిగురు కూడా కడిగి పారేసినారు కదయ్యా! ఇది కన్ను, మీ వరిపొలం కాదు."

తర్వాత సన్నటి కాగితం ముక్క ఒకటి తీసి, కొస మడిచి, అమ్మ కింది రెప్పకి తగిలించాడు. రసాయనశాస్త్రం ల్యాబులో మేం వాడే వడపోత కాగితం లాంటిదే. కంట్లో నీరుంటే అది పీల్చుకుని కిందికి తడుస్తుంది. అందరం చూస్తూ నిలబడ్డాం. కాగితం తడవలేదు. నాన్నకి తేడా తెలియాలని డాక్టర్ని బతిమాలి ఆయన కంటికి కూడా ఒకటి పెట్టించాను. అది పెట్టగానే నాన్న కన్ను రెపరెపలాడింది, కాగితం సగానికి పైగా తడిసిపోయింది. రెండు కాగితాలూ పక్కపక్కన బల్ల మీద పెట్టాడు డాక్టరు.

"చూశావా నాన్నా," అన్నాను. "అమ్మకి నీళ్ళు రావు. రాలేవు. జబ్బు. అప్పుడూ అంతే."

నాన్న రెండు కాగితాల వంకా చాలాసేపు చూశాడు. చెప్పులేసుకుని బయటికి వెళ్ళాడు. వరండాలో బీడీ వెలిగించుకున్నాడు. నేను వెనకాలే వెళ్ళాను. "ఏదో ఒకటి అను నాన్నా" అన్నాను. "నీళ్ళ సంగతి సరే అమ్మాయ్. గొంతు కూడా రాలేదు కదా" అన్నాడు. అంతే.

ఇంతవరకూ అయితే నేను ఇంకా వాదించేదాన్నే. వాదనలో నాకు ఎదురులేదని అనుకునే రోజులవి. కాని లోపలికి వచ్చేసరికి అమ్మ ఆ ఎండు కాగితం చేతిలో పట్టుకుని కూర్చుంది. దాన్ని వేలితో అటూ ఇటూ తిప్పుతోంది.

"మీ అత్తయ్య అన్నది నిజమేనే," అంది. "కాయితం కూడా అదే చెప్పింది."

"అయ్యో, అది కాదమ్మా చెప్పింది! నీ తప్పు కాదని చెప్పింది."

"మీ నాన్నకి తడిసింది. నాకు తడవలా. ఇంకేం చెప్పాలే?"

నేను గ్రంథి అన్నాను, మెదడన్నాను, నెత్తురన్నాను, ఉప్పన్నాను. లెక్చరరు చెప్పిన దానికి నాలుగింతలు చెప్పాను. అమ్మ అంతా విని నెమ్మదిగా అంది:

"ఏడుద్దామనే కూర్చున్నానే ఆరోజు. గొంతు ఎత్తబోయా. కంట్లో నీళ్ళు లేవని తెలుస్తానే ఉంది. నీళ్ళు లేకుండా రాగం తీస్తే దొంగేడుపు ఏడుస్తందంటారని నోరు గట్టిగా మూసుకున్నా. మీ అత్తయ్య వచ్చినప్పుడూ అంతే. మూసుకుని మూసుకుని, ఇప్పుడు ఆలోచిస్తే నాకసలు ఏడుపొచ్చిందో లేదో నాకే తెలవట్లా. వస్తే ఎక్కడో చోట తెలవాలి కదే?"

"గొంతు కూడా రాలేదు కదా" అని నాన్న అన్నదాని వెనక సంగతి ఇదీ. వరండాలోకి పరిగెత్తి ఆయనకి చెప్పాను. ఆయన బీడీ పారేసి, "బస్సు టైమవుద్ది, అమ్మని తీసుకురా" అన్నాడు. విన్నాడో, విననట్టు ఉండిపోయాడో. బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. కిటికీ వైపు ఒకరు, మనుషుల వైపు ఒకరు.

రెప్పలకి ఆపరేషన్ చేస్తే వెంట్రుకల బాధైనా పోతుందని డాక్టరు చెప్పాడు. రెండో పంట చేతికొచ్చాక చూద్దామన్నారు. పంట వచ్చాక చౌడు బాగుచేసే పని వచ్చింది. అలా అలా ఎడమ కన్ను పోయింది. కుడికంట్లో మనిషి ఆకారం తెలిసేది, మొహం తెలిసేది కాదు.

అలా ఉండగానే నాన్న పోయాడు. పొలంలోనే, కూర్చున్నవాడు కూర్చున్నట్టు ఒరిగిపోయాడు. అత్తయ్య మళ్ళీ వచ్చింది, ముసలిదైపోయింది, కర్ర పట్టుకుని వచ్చింది. అప్పటికి నేను బియస్సీ పాసై పంతులమ్మ ఉద్యోగం చేస్తున్నాను. గుమ్మంలో అడ్డంగా నిలబడి చెప్పాను:

"అత్తయ్యా, ముందే చెప్తున్నా. మా అమ్మకి కన్నీళ్ళు రావు. జబ్బు. భుజం తడుముకుని చూసుకోవద్దు."

"నేనేమన్నానే? నోరు మాత్రం కోసెడు పొడుగు పెంచుకున్నావ్!" అంది అత్తయ్య. అంటూనే నన్ను తోసుకుని లోపలికి వెళ్ళింది.

అమ్మ అడుగుల చప్పుడు విని లేచింది. చేతులు చాచి వెతుక్కుంటూ వెళ్ళి అత్తయ్యని కావలించుకుంది. అత్తయ్య రాగం అందుకుంది. అమ్మ ఆమె భుజం మీద మొహం పెట్టి కాసేపు ఉంది. తర్వాత తనే తల ఎత్తి, కొంగు తీసి, అత్తయ్య భుజం తుడిచింది. తడి లేని చోట తుడిచింది.

"నాకు రావు వదినా," అంది. "ఏమనుకోకు."

క్షమించమని అడిగింది. మా అమ్మ. మొగుడు పోయిన దుఃఖంలో, ఆడబిడ్డని. నేను చదివిన చదువంతా కలిపి ఆమె చేత అనిపించగలిగింది ఆ మాట. కన్నీళ్ళు రావన్న సంగతి నేర్పాను, ఏడ్చావన్న సంగతి నమ్మించలేకపోయాను. అత్తయ్య ఊరెళ్ళాక కథకి ఇంకో తోక తగిలించింది: మొగుడికీ ఏడవలేదు.

అమ్మ కూడా పోయి చాలాకాలమైంది. ఇప్పటికీ పెళ్ళిళ్ళలో ఆ కథ చెప్తారు, ఇప్పటికీ నేను లేచి పోట్లాడతాను. వాళ్ళకి జవాబు చెప్పడం నాకు కష్టం కాదు. జవాబు చెప్పలేనిది మా అమ్మకే. ఆమె ఆసుపత్రి బెంచీ మీద అడిగింది పిచ్చి ప్రశ్న కాదు. నాకు తెలిసిన డాక్టర్లని ఒకరిద్దర్ని అడిగాను, ఒకాయన నవ్వాడు, ఒకాయన చుక్కల మందు పేరు రాసిచ్చాడు. నేను అడిగింది మందు కాదు. కంటికి రాక, గొంతుకి రానివ్వక, ఆఖరికి వచ్చిందో లేదో తనకే తెలియకుండా పోయిన ఏడుపు, అన్నేళ్ళపాటు మా అమ్మ ఒంట్లో ఎక్కడ ఉన్నట్టు?